తియ్యగా ఉన్నంత మాత్రాన మంచినీళ్లు కావు: అనంతపురం ఇళ్లలో ఫ్లోరైడ్ లెక్క

అనంతపురం, కదిరి, హిందూపురం, ధర్మవరం... ఏ ఊళ్లో ఏ మొహల్లాకు వెళ్లినా చాలా ఇళ్లలో నీళ్లు మూడు రకాలు. రోజు మార్చి రోజో, ఇంకా ఆలస్యంగానో వచ్చే కొళాయి నీళ్లు. సొంత బోరో, వీధి బోరో ఇచ్చే నీళ్లు. డబ్బులిచ్చి తెచ్చుకునే క్యాను నీళ్లు. ఏ నీళ్లు దేనికి వాడాలో చాలా ఇళ్లలో నాలుకే తేలుస్తుంది. ఉప్పగా ఉంటే బట్టలకు, బాత్రూంకు. తియ్యగా ఉంటే తాగడానికి, వంటకు. సబ్బు నురగ బాగా వచ్చి, కందిపప్పు తొందరగా ఉడికితే ఇక అవి మంచినీళ్లే అని దాదీ, నానీల కాలం నుంచి వస్తున్న నమ్మకం.

ఉప్పు వరకు ఈ నమ్మకం సరైనదే. ఫ్లోరైడ్ దగ్గరికి వచ్చేసరికి అది పనిచేయదు. బోరు నీళ్లలో సాధారణంగా ఉండే మోతాదులో ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. బిందె అడుగున పేరుకోదు, గ్లాసులో మరక పెట్టదు. దాని మరక కనిపించేది పిల్లల పళ్ల మీద. అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది.

రాయి నుంచి నీళ్లలోకి

ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీయో వదిలింది కాదు, ఎవరో కలిపింది కాదు. అది ఈ నేలలోనే ఉంది. అనంతపురం పీఠభూమి కింద ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ రాళ్లు. ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాలు ఈ రాళ్లలో కలిసి ఉంటాయి. వాన నీరు నేలలోకి దిగి ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచినప్పుడు, ఖనిజాల్లోని ఫ్లోరైడ్ కొంచెం కొంచెంగా నీళ్లలో కరుగుతుంది. నీళ్లు రాయితో ఎంత ఎక్కువ కాలం కలిసి ఉంటే అంత ఎక్కువ కరిగే అవకాశం.

దీనికి కరువు తోడైంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. కొత్త నీరు దిగేది తక్కువ, తోడేది ఎక్కువ. ఒకప్పుడు చేదబావుల్లో అందిన నీళ్ల కోసం ఇప్పుడు వందల అడుగులు, కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటి బోరు వేస్తున్నారు. లోతుకు పోయే కొద్దీ దొరికేది చాలాకాలం రాళ్ల మధ్య నిలిచిన పాత నీరు. అందుకే పాత బోరులో ఇబ్బంది లేని ఇంట్లోనే, అది ఎండి కొత్తగా లోతు బోరు వేశాక సమస్య మొదలు కావచ్చు.

ఇక నాలుక ఎందుకు మోసపోతుందో చూద్దాం. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ కాల్షియంతో కలిసి గడ్డకట్టి విడిపోతుంది కాబట్టి, ఎక్కువ మోతాదులో కరిగి నిలవలేదు. కాల్షియం తక్కువగా ఉండి, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లలో మాత్రం అది సులువుగా నిలుస్తుంది. సబ్బు నురగ బాగా వచ్చేది, పప్పు తొందరగా ఉడికేది ఇలాంటి నీళ్లలోనే. అంటే దాదీ మెచ్చుకున్న బోరులోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. ప్రతి తియ్యటి బోరూ చెడ్డదని కాదు, ప్రతి ఉప్పు బోరూ మంచిదనీ కాదు. రుచి చూసి తేల్చే విషయం కాదన్నదే అసలు సంగతి.

తెలుగు నేలకు ఈ సమస్య కొత్తది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొదట వివరంగా రాసింది 1937లో. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో దాన్ని గుర్తించారు. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. అనంతపురం వైపు, ముఖ్యంగా కదిరి చుట్టుపక్కల, భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువని చాలాకాలంగా తెలిసినదే.

ఎంత ఉంటే ఎక్కువ?

తాగునీటికి మన దేశంలో పాటించే ప్రమాణం బీఐఎస్ 10500. 2012లో సవరించిన ఈ ప్రమాణం ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు. వేరే నీటి ఆధారం ఏదీ లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5. అయితే వేడి ప్రాంతాల్లో జనం నీళ్లు ఎక్కువ తాగుతారు కాబట్టి హద్దును నిర్ణయించేటప్పుడు ఆ సంగతీ చూడాలని ఆ సంస్థే చెబుతోంది.

ఈ చివరి మాట అనంతపురానికి బాగా వర్తిస్తుంది. లెక్క చిన్నదే. లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న నీళ్లు రోజుకు 3 లీటర్లు తాగితే ఒంట్లోకి చేరేది 3 మిల్లీగ్రాములు. అదే లీటరుకు 3 ఉన్న బోరు నీళ్లయితే 9. మే నెల ఎండలో బేల్దారి పనికో, తోపుడు బండి మీద పండ్లు అమ్ముకోవడానికో వెళ్లే మనిషి 5 లీటర్లు తాగితే 15. ఆహారం, నీళ్లు అన్నీ కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకల మీద ప్రభావం ఉండొచ్చని, 14 దగ్గర ముప్పు స్పష్టంగా కనిపిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో తేల్చింది. ఒకే ఇంట్లో, ఒకే బోరు నీళ్లు తాగుతున్నా, బయట కష్టం చేసే అబ్బాకు ముప్పు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

వంటనూ లెక్కలో వేసుకోవాలి. అన్నం, పప్పు, సంగటి నీళ్లను పీల్చుకుంటాయి. తాగడానికి క్యాను తెచ్చుకుని, వంటకు బోరు నీళ్లు పోసే ఇంట్లో సగం జాగ్రత్త వృథా.

ముందు పళ్లు, తర్వాత కీళ్లు

పిల్లాడికి ఆరేడేళ్లు వస్తాయి. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తాయి. వాటి మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలు. కొన్నాళ్లకు అవి పసుపు, గోధుమ రంగుకు తిరుగుతాయి. సరిగ్గా తోముకోవడం లేదని అమ్మీ తిడుతుంది. నిజానికి అది మురికి కాదు, తోమితే పోయేదీ కాదు. మురికి చాలావరకు చిగురు దగ్గర పేరుకుంటుంది. ఫ్లోరైడ్ మచ్చ పన్ను పైపొరలోనే కలిసిపోయి, సాధారణంగా అడ్డచారలుగా, ఎడమ కుడి పళ్ల మీద జంటగా కనిపిస్తుంది.

అసలు నష్టం పన్ను బయటికి రాకముందే జరిగిపోతుంది. శాశ్వత పళ్ల పైపొర చిగురు లోపల పుట్టిన దగ్గర నుంచి దాదాపు ఎనిమిదేళ్ల వయసు వరకు తయారవుతుంది. ముందు పళ్లకైతే మొదటి మూడేళ్లు చాలా ముఖ్యం. ఆ సమయంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పొర గట్టిపడాల్సిన తీరులో గట్టిపడదు. అందుకే ఇంట్లో మంచినీళ్లు తక్కువగా ఉంటే, మొదటి గ్లాసు వెళ్లాల్సింది ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ, బిడ్డకు అదే రక్షణ. డబ్బా పాలు తప్పనిసరైతే వాటిని పరీక్ష చేయని బోరు నీళ్లతో కలపకూడదు.

పళ్ల మచ్చ ప్రాణం తీయదు. కానీ ఆడపిల్ల నవ్వాల్సి వచ్చినప్పుడల్లా దుపట్టా నోటికి అడ్డం పెట్టుకోవడం, పెళ్లి చూపుల్లో పెదవి విప్పకపోవడం తల్లిదండ్రులకు తెలిసిన బాధే. మచ్చలను కప్పడానికి దంత వైద్యుల దగ్గర పద్ధతులున్నాయి, వాటికి ఖర్చవుతుంది. రాకుండా చూసుకోవడానికి అయ్యేది దానితో పోలిస్తే చాలా తక్కువ.

పెద్దవాళ్లలో ఇది ఎముకల్లోకి, కీళ్లలోకి వెళ్తుంది. ఏళ్ల తరబడి పేరుకుని నడుము, మెడ, మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఫ్లోరోసిస్ అనుమానం ఉన్నప్పుడు ఆరోగ్య సిబ్బంది మూడు పనులు చేయమంటారు. ముందుకు వంగి కాలి వేళ్లను ముట్టుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు పక్కకు చాచి మోచేతులు మడిచి తల వెనక పట్టుకోవడం. ఇవి చేయలేకపోతే నీళ్ల వైపు చూడాలి. మన ఇళ్లలో ఈ సంగతి నమాజ్‌లోనే ముందుగా బయటపడుతుంది. రుకూలో నడుము వంగదు, సజ్దా నుంచి లేవడానికి గోడ కావాల్సి వస్తుంది. కుర్చీ వేసుకుని, వయసైపోయిందిలే అని సరిపెట్టుకుంటారు. చాలామందికి అది నిజంగానే వయసు, లేదా మామూలు మోకాళ్ల అరుగుదల కావచ్చు. కానీ నలభై ఐదు, యాభై ఏళ్లకే బిగుసుకుపోతే, అదే ఇంట్లో పిల్లల పళ్లపై చారలు కూడా ఉంటే, వయసు మీదకు నెట్టేయకుండా డాక్టర్‌కు ఏ నీళ్లు తాగుతున్నారో చెప్పాలి. ఎక్స్‌రే, మూత్ర పరీక్షలతో తేల్చే వీలుంది. కేంద్ర ఆరోగ్య శాఖకు 2008-09 నుంచి ఫ్లోరోసిస్ నివారణ కోసం ప్రత్యేక జాతీయ కార్యక్రమమే ఉంది.

పూర్తిగా బిగుసుకున్న ఎముకను వెనక్కి తెచ్చే మందు లేదు. తొలి దశలో నీళ్లు మార్చి, తిండి సరిచేసుకుంటే నొప్పులు తగ్గొచ్చు, ముదరకుండా ఆపొచ్చు.

కొళాయి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఈ జిల్లాలో కొళాయిని చిన్నచూపు చూడకూడదు. పెద్ద పథకాల ద్వారా వచ్చేవి ఎక్కువగా నదుల నీళ్లు. కర్ణాటకలోని తుంగభద్ర డ్యాం నుంచి హెచ్చెల్సీ కాలువ ద్వారా వచ్చే నీటికి పెన్నా అహోబిలం రిజర్వాయర్ ఒక నిల్వ కేంద్రం. అనంతపురం నగరానికి తాగునీరు అక్కడి నుంచే వస్తుంది. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్లు 2012లో జీడిపల్లికి, ఆ తర్వాత పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరాయి. పల్లెలకు సత్యసాయి తాగునీటి పథకం పెద్ద దిక్కు. 1990ల మధ్యలో మొదలైన ఈ పథకాన్ని 731 గ్రామాల కోసం కట్టారు. పెన్నా ఇసుకలో తవ్విన బావులు, చిత్రావతి రిజర్వాయర్, కాలువ నీటితో నింపే చెరువులు దానికి ఆధారం. 1999లో తపాలా శాఖ ఈ పథకం మీద స్టాంపు కూడా విడుదల చేసింది. శ్రీరామరెడ్డి, జేసీ నాగిరెడ్డి పథకాలూ ఇలాంటివే. 2022లో జిల్లా అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయినా, నీళ్లకు రెండు జిల్లాల ఆధారాలూ ఇలా కలిసే ఉన్నాయి.

నదుల నీళ్లు లోతు రాళ్ల మధ్య నిలిచి ఉండవు కాబట్టి వాటిలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ. ఫ్లోరైడ్ విషయంలో చాలా ఇళ్లకు దొరికే మంచినీళ్లు ఈ కొళాయివే. చిక్కు ఎక్కడంటే, వాటిని ఇంట్లో మనమే పాడుచేసుకుంటున్నాం. కొళాయి నీళ్లు సంపులోకి వదులుతాం. అవి చాలకపోతే అదే సంపులోకి బోరు వేస్తాం. రెండూ కలిసి మోటారుతో పైట్యాంకుకు ఎక్కుతాయి, అక్కడి నుంచి వంటింటి పైపుకు దిగుతాయి. తాగుతున్నది కొళాయి నీళ్లే అని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఏ రోజు ఎంత బోరు కలిసిందో ఎవరికీ లెక్క ఉండదు.

పైపు మరమ్మతులో, కరెంటు సమస్యో, సిబ్బంది సమ్మెతోనో పథకం నీళ్లు ఆగినప్పుడు కొన్నిచోట్ల స్థానిక బోరు నీళ్లనే అదే కొళాయిలోకి వదులుతారు. రుచి, నురగ ఒక్కసారిగా మారితే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ రోజు వదిలింది ఏ నీళ్లు?

కొళాయికి ఉన్న వేరే ముప్పు

ఫ్లోరైడ్ తక్కువైనంత మాత్రాన కొళాయి నీళ్లను కళ్లు మూసుకుని తాగమని కాదు. వాటికున్న ముప్పు వేరు, అది మురుగు. నీళ్లు రోజంతా రాకుండా గంటో రెండు గంటలో వస్తే, మిగతా సమయం పైపు ఖాళీగా ఉంటుంది. పగిలిన చోట పక్కనే డ్రైనేజీ ఉంటే ఖాళీ పైపు ఆ మురుగును లోపలికి లాక్కుంటుంది. ఇళ్లలో నేరుగా కొళాయికి మోటారు బిగించి లాగితే ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో, ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉండే ఆ ప్రాంతంలో, తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి.

అందుకే వచ్చిన వెంటనే మొదటి రెండు మూడు బిందెలు వాడకానికి పట్టుకుని, ధార తేటపడ్డాక తాగే నీళ్లు పట్టాలి. మురుగు వాసన వస్తే ఆ రోజు వాటిని తాగకుండా, వెంటనే సచివాలయంలో చెప్పాలి. నీళ్లలో సన్నగా క్లోరిన్ వాసన వస్తే భయపడక్కర్లేదు. మిగిలిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది ప్రమాణం. సంపును నెలకోసారైనా కడగాలి. శుభ్రం చేయడానికి వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ వేరే గిన్నెలో కలిపి, పైతేట పోసి, గంట ఆగి వాడుకోవచ్చు.

నైట్రేట్ ఇంకో సంగతి. సెప్టిక్ గుంతల పక్కన, ఎరువులు ఎక్కువ వేసే పొలాల దగ్గర ఉన్న బోర్లలో ఇది ఎక్కువ. హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, దానికి ఏ సడలింపూ లేదు. ఆరు నెలల లోపు బిడ్డలకు ఇది ప్రాణం మీదకు తేగలదు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది.

మరిగిస్తే పోదా?

చాలా ఇళ్లలో ఉన్న అపోహలు ఇక్కడ ఒక్కొక్కటిగా:

మరిగించడం. క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. పైగా నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో వాటి మోతాదు పెరుగుతుంది. బోరు నీళ్లు గంటసేపు మరిగించి బిడ్డకు పట్టడం మేలు చేసినట్టు కాదు.

పటిక తిప్పడం. మట్టి అడుగుకు దిగుతుంది, అంతే. పటిక, సున్నం, బ్లీచింగ్‌తో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి ఒకటి ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో దాన్ని రూపొందించింది. అందులో మోతాదు నీటి పరీక్ష చూసి వేయాలి. చేతి అంచనాతో వేస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది.

క్యాండిల్ ఫిల్టర్, యూవీ ఫిల్టర్, రాగి బిందె. వీటిలో ఏదీ ఫ్లోరైడ్‌ను తీయదు.

టీడీఎస్ మీటర్. ఇది నీళ్లలో కరిగిన మొత్తం ఉప్పును కొలుస్తుంది. టీడీఎస్ 800 ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ 3 ఉన్నా, 0.3 ఉన్నా మీటర్‌లో తేడా కనిపించదు. ఇంటికి వచ్చే ఫిల్టర్ కంపెనీ మనిషి రెండు కడ్డీలు నీళ్లలో ముంచి కరెంటు పెట్టి, నీళ్లు ఎర్రగా మారాయని చూపించి భయపెడితే నమ్మకండి. ఆ రంగు నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. ఉప్పు ఎక్కువున్న ఏ నీళ్లకైనా అలాగే అవుతుంది.

ఫ్లోరైడ్‌ను నిజంగా తీసేవి కొన్నే. ఆర్వో, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్, పరీక్షతో చేసే నల్గొండ పద్ధతి. వీటన్నింటి కంటే చవకైనది ఫ్లోరైడ్ లేని నీళ్లను విడిగా తెచ్చుకోవడం.

క్యానా, ఆర్వోనా, కొళాయా?

ఐదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు సుమారు 20 లీటర్లు కావాలి. అంటే ఒక క్యాను. క్యాను 15 రూపాయలు అనుకుంటే నెలకు 450. ఇంట్లో ఆర్వో మిషన్ 10 వేలు పెట్టి కొని, ఫిల్టర్లకు ఏడాదికి 3 వేలు అవుతాయనుకుంటే, ఐదేళ్లకు మొత్తం 25 వేలు. నెలకు 400 పైచిలుకు. రెండూ దాదాపు సమానం. కానీ ఇంటి ఆర్వో ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పారబోస్తుంది. కరువు సీమలో అది చిన్న నష్టం కాదు. ఆ వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. వాటిని గచ్చు కడగడానికి, లెట్రిన్‌కు వాడుకోవచ్చు. మేకలకు, కోళ్లకు పెట్టకూడదు.

క్యాను నీళ్లైతే ప్లాంటువాళ్లను ఒక్క మాట అడగాలి: చివరిసారి నీళ్లు ఎప్పుడు పరీక్ష చేయించారు, ఆ కాగితం చూపిస్తారా? ఆర్వో పొర పాతబడితే రుచి బాగానే ఉన్నా ఫ్లోరైడ్ దాటిపోవచ్చు. లోపల పచ్చటి పాచి ఉన్న క్యాను వద్దని తిప్పి పంపాలి. ఎండలో పెట్టకూడదు.

కొళాయి లెక్క వీటన్నింటికంటే తేలిక. రోజు మార్చి రోజు నీళ్లొస్తే తాగడానికి, వంటకు కావాల్సింది 40 లీటర్లు. అంటే సుమారు మూడు బిందెలు. సంపులోకి వదలకముందే, బోరు కలవకముందే ఈ మూడు బిందెలు విడిగా పట్టి, మూత పెట్టి, కాడ ఉన్న గరిటెతో తీసుకుంటే చాలు. తాగేవి మరిగించుకుంటే క్రిముల భయం కూడా ఉండదు. మిగతా అవసరాలకు సంపు ఎలాగూ ఉంది.

నీళ్లు చాలకపోతే కలపడం కూడా ఒక దారి, కానీ పరీక్ష చేయించాకే. బోరులో ఫ్లోరైడ్ 2, కొళాయిలో 0.4 అని తేలితే, సగం సగం కలిపినప్పుడు అది 1.2 అవుతుంది. మూడు వంతులు కొళాయి, ఒక వంతు బోరు అయితే 0.8. వాన నీళ్లలోనూ ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. శుభ్రమైన మిద్దె మీద మొదటి వాన పోనిచ్చి, తర్వాతది గుడ్డతో వడగట్టి పట్టుకుని, మరిగించి వంటకు వాడుకోవచ్చు.

పరీక్ష ఎక్కడ చేయిస్తారు?

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాలో నీటి పరీక్ష ల్యాబ్‌లు ఉన్నాయి. 2019 ఆగస్టు 15న మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఈ ల్యాబ్‌లను 2021లో మామూలు జనానికి కూడా తెరిచారు. నామమాత్రపు రుసుముతో ఎవరైనా తమ నీళ్లు పరీక్ష చేయించుకోవచ్చు. ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, రెండుసార్లు క్రిముల పరీక్ష జరగాలన్నది ఆ మిషన్ నియమం. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు చిన్న కిట్‌తో పరీక్ష చేయడం నేర్పాలని కూడా అందులో ఉంది. ఈ కిట్లలో ఫ్లోరైడ్ పరీక్ష సాధారణంగా రంగుతో తెలుస్తుంది. గులాబీ నుంచి పసుపు వైపు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువ. పల్లెలో గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను, పట్టణంలో వార్డు సచివాలయం ఎమినిటీస్ కార్యదర్శిని అడిగితే శాంపిల్ ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.

శాంపిల్ పట్టడానికి లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. బోరును ఐదు నిమిషాలు వదిలేసి, అదే నీళ్లతో సీసాను రెండు మూడుసార్లు కడిగి నింపాలి. సీసా మీద చిరునామా, బోరు లోతు, తేదీ రాయాలి. క్రిముల పరీక్షకు మాత్రం ల్యాబ్ ఇచ్చే శుభ్రపరిచిన సీసానే వాడి, అదే రోజు అందించాలి. కాగితం చేతికొచ్చాక ముందుగా ఐదు అంకెలు చూడండి. ఫ్లోరైడ్ 1 లోపు, నైట్రేట్ 45 లోపు, టీడీఎస్ 500 లోపు, మొత్తం కఠినత 200 లోపు, కోలిఫాం సున్నా. వేరే ఆధారం లేనప్పుడు టీడీఎస్ 2000 వరకు, కఠినత 600 వరకు సర్దుకోవచ్చు.

వేసవి చివర ఒకసారి, వానల తర్వాత ఒకసారి పరీక్ష చేయిస్తే తేడా తెలుస్తుంది. కొత్త బోరు వేసినా, పాత బోరును లోతు పెంచినా మళ్లీ చేయించాలి.

మస్జిద్, మదర్సా, ఫంక్షన్ హాల్

ఒక ఇంటి బోరు ఐదుగురికి. మస్జిద్ బోరు, మదర్సా బోరు వందమందికి. హౌజ్‌లో వజూకు ఆ నీళ్లు వాడటంలో భయం లేదు. ఫ్లోరైడ్ నష్టం చేసేది తాగినప్పుడే, చర్మానికి తగిలితే కాదు. నోరు పుక్కిలించి ఉమ్మేసినా ఇబ్బంది లేదు. కానీ అదే బోరు పైపుకు పక్కన ఒక గ్లాసు గొలుసుతో కట్టి తాగడానికి పెట్టి ఉంటే, ఆ నీళ్లు ముందు పరీక్షకు వెళ్లాలి. మదర్సా హాస్టల్‌లో చదివే పిల్లల్లో చాలామంది పళ్లు ఇంకా తయారయ్యే వయసులోనే ఉంటారు. మూడు పూటలా తాగేది, తినేది అక్కడి నీళ్లతోనే.

ముతవల్లులు, కమిటీ సభ్యులు జుమా రోజు ఒక్క మాట చెప్పి మొహల్లాలోని బోర్ల శాంపిళ్లు ఒకేసారి పంపిస్తే, ఏ వీధిలో ఏ బోరు తాగొచ్చో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించవచ్చు. హద్దు దాటిన బోరు మీద "తాగరాదు" అని తెలుగులో, ఉర్దూలో రాయించడానికి అయ్యే ఖర్చు ఒక డబ్బా పెయింటు.

రంజాన్‌లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. రోజంతా దాహంతో ఉండి ఇఫ్తార్‌లో, రాత్రంతా నీళ్లు బాగా తాగుతారు. షర్బత్, గంజి, సెహ్రీ వంట అన్నీ నీళ్లతోనే. నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ ఉంటుంది. చాట్‌లో, నిమ్మ షర్బత్‌లో దాన్ని తగ్గించాలి. టీ ఆకులోనూ కొంత ఉంటుంది కాబట్టి చిక్కటి సులేమానీ చాయ్ రోజుకు ఐదారు కప్పులు తాగే అలవాటు మంచిది కాదు. దానికి బదులు పాలు, పెరుగు, రాగి సంగటి, ఆకుకూరలు, జామ, ఉసిరి, నిమ్మ ఎక్కువ తినాలి. కాల్షియం పేగుల్లోనే ఫ్లోరైడ్‌ను పట్టుకుని బయటికి పంపడానికి సాయపడుతుంది. అయితే తిండి తోడు మాత్రమే. నీళ్లు మార్చకుండా పాలు తాగితే సరిపోదు.

ఈ వారం చేయగలిగినది

ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే మొదట వాళ్ల నీళ్లు విడదీయండి. కొళాయి నీళ్లు సంపులో బోరుతో కలవకముందే బిందెల్లో పట్టండి. వంటకు కూడా అవే వాడండి. ఇంటి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. ఫలితం వచ్చాక ఆ కాగితాన్ని వంటింట్లో, అందరికీ కనిపించే చోట పెట్టండి. పక్కింటివాళ్ల బోరుదీ అడిగి తెలుసుకోండి. రెండు బోర్ల మధ్య ముప్పై అడుగుల దూరమే ఉన్నా అంకె వేరుగా రావచ్చు.

పెద్ద పిల్లాడి పళ్ల మీద వచ్చిన మచ్చ ఇక నీళ్లు మార్చినంత మాత్రాన పోదు. ఉయ్యాలలో ఉన్న చిన్నదాని పళ్లు ఇంకా చిగురు లోపలే ఉన్నాయి. అవి ఏ రంగులో బయటికి వస్తాయన్నది ఇప్పుడు ఇంట్లో ఏ బిందె వాడుతున్నారన్న దాని మీదే ఉంది.